ఆర్మీలో చేరినవాళ్ళు యుద్ధానికి ఇష్టపడే వెళ్తారా?

పలాస_అన్న:
మా తమ్ముడు అగ్నివీర్ (ఆర్మీలో నాలుగేళ్ళ ఉద్యోగం) రాతపరీక్ష పాసయ్యాడు. ర్యాలీలో 1.6 కిలోమీటర్ల పరుగు ఉంటుందని రోజూ తెల్లారి నాలుగున్నరకే లేచి హైవే పక్కన పరిగెడుతున్నాడు. నిన్న మా మామయ్య "ఎవరూ బలవంతంగా లాక్కెళ్ళట్లేదుగా, వాడిష్టం" అన్నాడు. అమ్మ ఏమీ మాట్లాడలేదు. మన దేశంలో నిర్బంధ సైనిక సేవ లేదు, నిజమే. కానీ ఇష్టపడి ఉద్యోగంలో చేరితే, యుద్ధానికి కూడా ఇష్టపడినట్టేనా? పనిచేసినవాళ్ళు చెప్పండి. నినాదాలు మాత్రం వద్దు బాబూ.

మాజీ_హవల్దార్:
నేను 1996లో చేరాను. నాన్నకు ఎకరంన్నర మెట్ట, ఇద్దరు చెల్లెళ్ళు. జీతం, క్యాంటీన్, పదిహేనేళ్ళకి పెన్షన్, ఇవే నా బుర్రలో ఉన్నవి. 2001 డిసెంబర్లో పార్లమెంటు మీద దాడి జరిగినప్పుడు సెలవులో ఉన్నాను. చెల్లికి పెళ్ళిచూపులు. వెంటనే రమ్మని కబురొచ్చింది, పెళ్ళివాళ్ళు రాకముందే రైలెక్కేశాను. ఆపరేషన్ పరాక్రమ్ అన్నారు. రాజస్థాన్ సరిహద్దులో దాదాపు పది నెలలున్నాం. మందుపాతరలు పాతాం, మళ్ళీ మేమే తీశాం. తీసేటప్పుడే ఎక్కువ భయం. యుద్ధం రాలేదు.

వస్తావా అని నన్నెవరూ అడగలేదు. అడిగినా వెళ్ళేవాణ్ణే. నా సెక్షన్‌లో మిగతా తొమ్మిదిమందీ వెళ్తుంటే నేనొక్కణ్ణి ఎలా ఆగుతాను? దేశం అంటే ఆ రాత్రుల్లో నాకు ఆ తొమ్మిదిమందే.

నల్లకోటు:
"ఇష్టం లేకపోతే మానేయొచ్చుగా" అనేవాళ్ళకి ఒక మాట. ఆర్మీ యాక్ట్ 1950, సెక్షన్ 38 చూడండి. మామూలు రోజుల్లో పారిపోతే ఏడేళ్ళ వరకు జైలు. యుద్ధ విధుల్లో ఉండగా, లేదా వాటికి వెళ్ళమని ఆర్డరొచ్చాక పారిపోతే మరణశిక్ష దాకా వేయొచ్చు. నేల మీదైనా, నీటి మీదైనా, గాల్లోనైనా ఎక్కడికి పంపితే అక్కడికి వెళ్తానని ప్రమాణం చేయించుకునేది ముందే. సంతకం ఒక్కసారే, అదీ చాలామంది పద్దెనిమిదేళ్ళప్పుడు పెట్టేది.

సూర్యాపేట_వాసి:
అందర్నీ ఒకే గాటన కట్టకండి. మా ఊరి కల్నల్ సంతోష్‌బాబు కోరుకొండ సైనిక్ స్కూల్లో చదివి ఎన్‌డీఏకి (ఆఫీసర్లని తయారుచేసే అకాడమీ) వెళ్ళారు. 2020 జూన్ 15న చైనా సరిహద్దు దగ్గర గల్వాన్‌లో మనవాళ్ళు 20 మంది పోయారు, ఆయన అందులో ఒకరు. అలాంటివాళ్ళని పట్టుకుని "గతిలేక చేరారు" అంటే నాకు ఒళ్ళు మండుతుంది.

మాజీ_హవల్దార్:
గతిలేక అని నేననలేదు తమ్ముడూ. ఆఫీసరు దారి వేరు, సిపాయి దారి వేరు.

గోదారి_కోడలు:
మాది మిలటరీ మాధవరం దగ్గరి ఊరు. ప్రపంచయుద్ధాల నాటి నుంచీ అక్కడ ఇంటికొకరు ఆర్మీలో ఉంటారని చెప్పుకుంటారు. అలాంటి ఊళ్ళో కుర్రాడు చేరితే ఎందుకు చేరావని ఎవరూ అడగరు, చేరకపోతేనే అడుగుతారు. దాన్ని ఇష్టం అనాలో అలవాటు అనాలో మీరే చెప్పండి.

మా ఆయన కాశ్మీర్ పోస్టింగ్‌కి తనే పేరిచ్చుకున్నారు. నాకేమో "పంపేస్తున్నారే, ఏం చేయను" అన్నారు. అసలు సంగతి రెండేళ్ళ తర్వాత ఆయన స్నేహితుడి భార్య చెప్పింది. వారం రోజులు మాట్లాడలేదు నేను. ఆయనైతే నిజంగానే ఎంచుకున్నారు, నన్ను అడగలేదంతే.

పలాస_అన్న:
అందరికీ థాంక్స్. రాత్రి తమ్ముణ్ణి నేరుగా అడిగాను, యుద్ధమొస్తే ఏంట్రా అని. "అది వచ్చినప్పుడు చూద్దాం అన్నా. నాలుగేళ్ళయ్యాక ఉంచే 25 శాతంలో నేనుంటానో లేదో, నాకదీ టెన్షన్" అన్నాడు. ఇంకా ఇరవై సెకన్లు తగ్గించాలట. రేపట్నుంచి టైము చూడ్డానికి నేనూ హైవే దగ్గరికి వెళ్తున్నా.