రెండేళ్లు మూలనపడిన తైవాన్ స్ప్రేయర్‌లోని పాత పెట్రోలు

ప్రశ్న (అనంతపురం): మా చీనీ తోటకు వాడే టూ-స్ట్రోక్ తైవాన్ స్ప్రేయర్ రెండేళ్లుగా కొట్టంలో ఉండిపోయింది. ట్యాంకులో మిగిలిన ఆయిల్ కలిపిన పెట్రోలు రంగు మారి, పుల్లటి వాసన వేస్తోంది. దానిలో కొత్త పెట్రోలు పోసి నడపవచ్చా?

జవాబు (కడప): దయచేసి అలా చేయకండి, తాడు కూడా లాగకండి. ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది. అది గాలిలోని తేమను పీల్చుకుని, నీరు ఎక్కువైనప్పుడు దానితో కలిసి ట్యాంకు అడుగున వేరే పొరగా చేరుతుంది. ఇంజన్‌కు వెళ్లే గొట్టం మొదట పీల్చేది ఆ అడుగు పొరనే. అందులో ఆయిల్ ఉండదు కనుక పిస్టన్ పట్టేసే ప్రమాదం ఉంది. పాతదంతా డబ్బాలోకి తీసివేయండి, కానీ పాదుల్లోనో బావి దగ్గరో పారబోయకండి.

జవాబు (కర్నూలు): కార్బురేటర్ సంగతి మరచిపోకండి. పెట్రోలు ఆవిరైపోగా మిగిలిన జిగురు జెట్ రంధ్రాన్ని మూసేస్తుంది. తీగతో పొడిస్తే రంధ్రం పెద్దదవుతుంది కనుక కార్బురేటర్ క్లీనరు కొట్టి, గాలితో ఊదండి. గట్టిపడిన గొట్టాన్ని, ఫిల్టరును మార్చడమే మంచిది. తరువాత కంపెనీ పుస్తకం చెప్పిన పాళ్లలో కొత్త మిశ్రమం కలపండి. 25కు 1 అని ఉంటే లీటరుకు 40 మిల్లీలీటర్ల ఆయిల్.

ప్రశ్న అడిగినవారు: కృతజ్ఞతలండీ. పెట్రోలు గాజు సీసాలోకి తీసి చూస్తే అడుగున పొర స్పష్టంగా కనిపించింది. రేపే కార్బురేటర్ విప్పిస్తాను.

జవాబు (కడప): ఈసారి పని ముగిశాక ట్యాంకు ఖాళీ చేసి, ఇంజన్ తనంతట తాను ఆగేదాకా నడిపి దాచండి.