స్థాయిని ఐదు సమాన భాగాలు చేస్తే మోహన రాగం వస్తుందా?

పర్లాకిమిడి కీబోర్డ్:
మా భజన బృందంలో ఒడియా, తెలుగు పాటలు రెండింటికీ నేనే కీబోర్డ్. ఇందులో స్కేల్ ట్యూనింగ్ అని ఉంది, ఏ కీనైనా సెంట్లలో (పక్క కీకి దూరం 100 సెంట్లు) పైకీ కిందకీ జరపొచ్చు. స్థాయికి (కింది సా నుంచి పై సా దాకా) పన్నెండు బదులు ఐదే స్వరాలు, సమాన దూరంలో పెట్టుకుంటే మోహనలా ఉంటుందా? జావా గేమలాన్ (కంచు వాయిద్యాల బృందం) వాళ్ల స్లెండ్రో అనే ఐదు స్వరాల శ్రుతి ఇలాంటిదే అంటున్నారు. ఎవరైనా వాయించి చూశారా?

బరంపురం వయొలిన్:
మోహన రాదండీ. 1200 సెంట్లని ఐదు చేస్తే 0, 240, 480, 720, 960. మోహన గాంధారం కీబోర్డ్ లెక్కలో 400, ఇక్కడ తగిలేది 480, అది గాంధారమూ కాదు, శుద్ధ మధ్యమానికీ 20 తక్కువ. వాయించి చూడాలంటే మధ్యమావతి కీలు పట్టుకోండి: సి, డి, ఎఫ్, జి, ఎ షార్ప్. డి +40, ఎఫ్ −20, జి +20, ఎ షార్ప్ −40. మోహన కీల మీదే చేస్తానంటే ఇ ని +80 జరపాలి, కొన్ని కీబోర్డులు 64 దగ్గరే ఆగిపోతాయి.

నన్నడిగితే అసలు నష్టం గ్రహభేదం (అవే స్వరాల్లో వేరే స్వరాన్ని సా చేసుకుని కొత్త రాగం తేవడం) పోవడం. మోహనలో రిషభాన్ని షడ్జం చేస్తే మధ్యమావతి, గాంధారాన్ని చేస్తే హిందోళం, పంచమాన్ని చేస్తే శుద్ధ సావేరి, ధైవతాన్ని చేస్తే ఉదయరవిచంద్రిక, ఇన్ని రాగాలు పుట్టేది స్వరాల మధ్య దూరం కొన్నిచోట్ల 200, కొన్నిచోట్ల 300 ఉండబట్టే. అన్నీ 240 అయితే ఎక్కడ మొదలెట్టినా అదే వరస.

గుణుపురం తబలా:
ఏడు సమాన భాగాలు చేస్తే ఇంకా ఘోరం గురూ, ఒక్కో అంతరం 171 చిల్లర, రి కి ఒకటే చోటు, గ కి ఒకటే చోటు, 72 మేళకర్తలూ (మూల రాగాలు) కలిసి ఒక్కటైపోతాయి.

పర్లాకిమిడి కీబోర్డ్:
మరి గేమలాన్‌లో అంత బాగా ఎలా వినిపిస్తోంది?

బరంపురం వయొలిన్:
స్లెండ్రో కచ్చితంగా సమానం కాదు, దగ్గరగా ఉంటుంది, పైగా ఒక బృందం శ్రుతి ఇంకో బృందానికి కలవదు. అవి కంచు వాయిద్యాలు, వెనక తంబురా ఉండదు. మన దగ్గర శ్రుతి పెట్టె మోగుతూనే ఉంటుంది కదా, దాని పంచమం 702, మీది 720. మధ్య స్థాయి సి షడ్జమైతే ఆ రెండు పంచమాలూ కలిసి సెకనుకి నాలుగు సార్లు ఊగుతాయి, భజనలో అందరూ మీ వైపే చూస్తారు. శ్రుతి పెట్టె కట్టేసి, గంట లాంటి టోన్ పెట్టి ఒక్కరే వాయించుకోండి. అలాగైతే భలే ఉంటుంది.