చక్కెర వ్యాధి ఉన్నవాళ్లందరూ వీఈజీఎఫ్ జన్యు పరీక్ష చేయించుకోవాలా?

పెన్నాతీరం: మా తమ్ముడి హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు చక్కెర లెక్క) ఎప్పుడూ 7 దాటలేదు. అయినా రెటీనా (కంటి వెనక పొర) మీద కొత్త రక్తనాళాలు పుట్టి, చిట్లి, కంట్లో రక్తం చేరింది. మా మేనమామ లడ్డూలు తింటూనే అద్దాలు లేకుండా పేపరు చదువుతాడు. రక్తనాళాలను పెంచే వీఈజీఎఫ్ ప్రొటీను కొందరికి పుట్టుకతోనే ఎక్కువట. తమ్ముడి రిపోర్టులో ఆ ప్రొటీను జన్యువులో -634 అనే చోట ‘సీసీ’ (అమ్మ నుంచీ నాన్న నుంచీ వచ్చిన రెండు అక్షరాలూ ‘సీ’) అని వచ్చింది. ఇంకేం రుజువు కావాలి? అందరికీ చేయాల్సిందే.

పాతలెక్చరర్: అది రుజువు కాదు. సీసీ ఉన్నవారిలో ఈ ప్రొటీనూ, రెటినోపతీ (చక్కెర వల్ల రెటీనా దెబ్బతినడం) ఎక్కువని 2002లో జపాన్ వాళ్లు రాశారు. అంతకు రెండేళ్ల ముందు బ్రిటన్‌లో తెల్లరక్తకణాల మీద ప్రయోగం చేస్తే, జీజీ (రెండూ ‘జీ’) వాళ్లలోనే ఎక్కువ తయారైంది.

చిరుగాలి: ఈ వీఈజీఎఫ్‌ను అణిచే కంటి ఇంజెక్షను రేటు ఏమైనా తగ్గిందా?

పెన్నాతీరం: బ్రిటన్ వాళ్లు చూసింది +405. నేను చెప్పేది -634. ముందు చదవండి మాస్టారూ.

పాతలెక్చరర్: రెండూ ఒకటే చోటు! ఆర్‌ఎన్‌ఏ నకలు మొదలయ్యే చోటి నుంచి ముందుకు లెక్కిస్తే 405, ప్రొటీను సంకేతం మొదలయ్యే చోటి నుంచి వెనక్కి లెక్కిస్తే 634.

పెన్నాతీరం: రిపోర్టులో మైనస్ ఉంది. ప్లస్ లేదు.

లలితకె: @చిరుగాలి, బెవాసిజుమాబ్ గురించి డాక్టరును అడగండి. క్యాన్సరుకని వచ్చిన మందే, కంటి మందు రానిబిజుమాబ్ కన్నా చాలా చవక. ఇక పరీక్ష సంగతంటారా, ఆ డబ్బుతో ఏటా చుక్కలు వేయించుకుని రెటీనా చూపించుకోవచ్చు.

పాతలెక్చరర్: చక్కెర అదుపే అసలు మందు. 1993 నాటి డీసీసీటీ అనే పెద్ద చక్కెర అధ్యయనంలో గట్టిగా అదుపు చేసినవారికి రెటినోపతీ మొదలయ్యే ముప్పు 76 శాతం తగ్గింది. నెపం జన్యువు మీద వేసి నోరు కట్టుకోని వాళ్లను చాలామందిని చూశాను.

పెన్నాతీరం: అది టైప్ 1 వాళ్ల లెక్క, మావాడిది టైప్ 2. అయినా మీ మనసులో మాట ఇప్పుడు బయటపడింది! పెళ్లిలో మా పెద్దమ్మా ఇదే అంది, ‘నోరు కట్టుకుంటే కళ్లు పోయేవా’ అని, నలుగురిలో. వాడు ఇంటికొచ్చి పాత చక్కెర రిపోర్టులన్నీ మంచం మీద పరుచుకుని కూర్చున్నాడు. ఈ కాగితం వైద్యానికి కాదండీ, వాడి పరువుకు.

పాతలెక్చరర్: మరి అందరికీ చేయాలని ఎందుకన్నారు? మా ఆవిడకు ఇలాంటి పరీక్షే చేసి ‘మీకు ముప్పు తక్కువ’ అన్నారు. ఆ ధీమాతో కంటి డాక్టరు గుమ్మం తొక్కలేదు. ఇప్పుడు ఎడమ కన్ను కనిపించదు.

పెన్నాతీరం: బాధే. కానీ మావాడికి వచ్చింది ‘ఎక్కువ’ కదా.

పాతలెక్చరర్: బ్రిటన్ లెక్కన అదే సీసీ ‘తక్కువ’ అవుతుంది. అప్పుడు పెద్దమ్మకు ఏం చూపిస్తారు?