లాజిక్ ప్రోగ్రామింగ్ మొదటి పాఠం ప్రోలాగ్‌తోనేనా?

కావలి కుర్రోడు:
లాజిక్ ప్రోగ్రామింగ్ అంటే నిజాలు (ఫ్యాక్టులు), రూల్స్ రాసిస్తే జవాబు కంప్యూటరే వెతకడం కదా, దానికి 1972 నాటి ప్రోలాగ్ భాషతోనే ఇంకా మొదలుపెట్టాలా? ల్యాబ్‌లో ఒంగోలు, సింగరాయకొండ, కావలి, బిట్రగుంట, నెల్లూరు, గూడూరు స్టేషన్లను వరసగా ఫ్యాక్టులుగా రాశా. ‘ఎక్కణ్ణుంచి ఎక్కడికి పోవచ్చు’ అనే రూల్‌లో మళ్లీ అదే రూల్‌ను ముందు పిలిచా. అది తనను తానే పిలుచుకుంటూ పోయి, స్టాక్ (పిలుపుల్ని గుర్తుంచుకునే మెమరీ) నిండి చచ్చింది. రూల్‌లో షరతుల వరస అటూ ఇటూ మారిస్తే పనిచేసింది. సరే అని తిరుగు ప్రయాణం ఫ్యాక్టులు కింద చేరిస్తే, నెల్లూరు-గూడూరు మధ్య షటిల్ కొడుతూ కూర్చుంది! ప్రోలాగ్‌కు చిన్న తమ్ముడులాంటి డేటాలాగ్ భాషలో ఈ గోలే లేదు, ఏ వరసలో రాసినా ఆగుతుంది. ల్యాబ్ పరీక్షంటేనే టెన్షన్.

ఒంగోలు మాస్టారు:
డేటాలాగ్ ఆగేది ఎందుకు? అందులో కొత్త విలువలు పుట్టించలేవు కాబట్టి. ఉన్న ఆరు స్టేషన్లతోనే సరిపెట్టుకోవాలి. ఒక లిస్టు కట్టాలంటే? వాక్యాన్ని విడగొట్టి దాని నిర్మాణాన్ని చెట్టులా గీయాలంటే? ఫ్రాన్స్‌లోని మార్సేలో కోల్మెరోయర్ అనే శాస్త్రవేత్త బృందం ప్రోలాగ్ తయారు చేసిందే ఫ్రెంచి వాక్యాల కోసం. నీ షటిల్‌కు మందు ఎస్‌డబ్ల్యూఐ ప్రోలాగ్ అనే ప్రోలాగ్ సాఫ్ట్‌వేర్‌లోనే ఉంది తమ్ముడూ: ఆ రూల్‌కు ‘టేబుల్’ అని ఒక లైను పైన పెట్టు, దొరికిన జవాబుల్ని గుర్తుపెట్టుకుని మళ్లీ అక్కడే తిరగదు.

గూడూరు అక్క:
మాస్టారూ, మందు ఉందని రోగం తెచ్చుకోమంటారా? నేను ఒక స్కూలు టైంటేబుల్ క్లింగోలో చేశా, షరతులు రాసిస్తే వాటికి సరిపోయే జవాబు వెతికే లాజిక్ టూల్ అది. ‘ఒకే టీచరు ఒకే పీరియడ్‌లో రెండు క్లాసుల్లో ఉండకూడదు’, ఇది ఒక్క లైను. ఎలా వెతకాలో చెప్పే పనే లేదు. పిల్లలకు ముందు ఇది చూపిస్తే ‘ఓహో, లాజిక్ అంటే ఇదా’ అంటారు.

ఒంగోలు మాస్టారు:
పీరియడ్లు బదులు నిమిషాలు పెట్టి చూశావా అమ్మా?

గూడూరు అక్క:
చూశా, దొరికిపోయా. క్లింగో ముందు వేరియబుళ్లలో విలువలన్నీ పెట్టి రూల్స్‌ను విప్పుకుంటుంది కదా. ఆరు గంటలంటే 360 నిమిషాలు. రెండు క్లాసుల సమయాలను పోల్చడానికే 1,29,600 జతలు. ల్యాప్‌టాప్ ఫ్యాను హోరెత్తింది. ఆ అంకెల భాగం మినీజింక్‌కు (అంకెల షరతులకు పనికొచ్చే ఇంకో భాష) మార్చా. అయినా మొదటి పాఠానికి నా ఓటు క్లింగోకే.

కావలి కుర్రోడు:
మాస్టారూ, టేబుల్ లైను పెట్టా. ఆగింది! ఒంగోలు నుంచి పోగలిగిన స్టేషన్లు ఆరు చూపించింది. అందులో ఒకటి ఒంగోలే.