ముట్లు ఆగే వయసుల ఆవిర్లు: యోగాతోని తగ్గుతయా?

నల్గొండ_యోగా_టీచర్:
మెనోపాజ్ టైంల ఒంట్లకెళ్లి ఆవిర్లు, రాత్రి చెమటలు, నిద్ర పట్టకపోవుడు. వీటికి గోలీలకంటె ముందు రెండు నెలలు నెమ్మది ఆసనాలు చేసి చూడాలెనని నేనంట. కాదనేటోళ్లు కారణం చెప్పుండ్రి.

పాలమూరు_ఫిజియో:
ఆవిర్ల విషయంలో నేను కాదంటా మేడమ్. 2014లో అమెరికాలో వచ్చిన అధ్యయనంలో 12 వారాలు యోగా చేసినా ఆవిర్లు తగ్గలేదు, నిద్రలేమి మాత్రం తగ్గింది. 2023లో అక్కడి మెనోపాజ్ సొసైటీ కూడా ఆవిర్లకు యోగాను సిఫారసు చేయలేదు. నిద్ర కోసమంటే నాకేం పేచీ లేదు. మందు వాయిదా వేయించడం మాత్రం తప్పు.

మిర్యాలగూడ_గృహిణి:
టీవీల చూసి పొద్దుగాల భస్త్రిక, అంటే జోరుజోరుగ గాలి పీల్చి ఇడిసే ప్రాణాయామం, చేస్తున్నరు చానమంది. మంచిదేనా?

నల్గొండ_యోగా_టీచర్:
"గోలీలకంటె ముందు" అన్న మాట వాపస్ తీసుకుంటున్న సార్. భస్త్రిక వద్దక్కా, అది ఒళ్లు వేడి చేసే శ్వాస, పైగా గుండె దడ ఉన్నోళ్లకు గాబరా పెంచుతది. నిద్రకైతే గోడకు కాళ్లు పెట్టుడు మేలు. గోడ పక్కకు తుంటి ఆనించి కూసోని, పక్కకు ఒరిగి, కాళ్లు పైకి తిప్పాలె. నడుము కింద మడతేసిన బొంత, నాలుగు వేళ్ల ఎత్తు. మోకాళ్ల ఎనుక గుంజితే గోడకు జానెడు దూరం జరగాలె. చానమంది అట్లనే ఓర్సుకుంటరు, ఇగ నిద్రేడ వస్తది? అయిదు నిమిషాలు చాలు. దిగేటప్పుడు పక్కకు తిరిగి, చేతులు ఆనించి లేవాలె. బువ్వ తిన్నంక మూడు గంటలు ఆగుండ్రి. బీపీ అదుపుల లేనోళ్లు, కంట్ల ప్రెషర్ ఉన్నోళ్లు చెయ్యొద్దు.

మునుగోడు_నర్సు:
మన దిక్కు సంగతి ఎవ్వరూ ఎత్తలే. మర్రిగూడ, నాంపల్లి, చండూరు దిక్కు ఏండ్లకేండ్లు ఫ్లోరైడ్ ఉన్న బోరు నీళ్లు తాగిన ఆడోళ్లకు ఫ్లోరోసిస్ (ఫ్లోరైడ్ ఎముకల పేరుకునే రోగం)తోని ఎన్నుపూస బిగుసుకపోయి ఉంటది. స్కాన్ల ఎముక సాంద్రత ఎక్కువే కనపడొచ్చు, కానీ ఆ ఎముక పెళుసు. ముట్లు ఆగినంక ఎముక ఇంకింత అరుగుతది. అసొంటోళ్లను కాళ్ల వేళ్లు అందుకొమ్మని ఈపు ఒత్తితే పూస నలిగిపోతది. ఇంటికి నల్లా నీళ్లు వచ్చినయి గానీ, ఎముకల పేరుకున్నది అంత జల్ది పోదు.

పాలమూరు_ఫిజియో:
నూటికి నూరుపాళ్లు నిజం సిస్టర్. వాళ్లకు పశ్చిమోత్తానాసనం, అంటే కాళ్లు చాపి ముందుకు వంగి వేళ్లు అందుకునే ఆసనం, తీసేయాలి. కుర్చీ మీద కూర్చొని, వీపు నిటారుగా ఉంచి, భుజాలు వెనక్కి తిప్పడం 10 సార్లు. కుర్చీ పట్టుకొని మడమలు ఎత్తడం 10 సార్లు. షాబాదు బండల మీద ప్లాస్టిక్ కుర్చీ జారుతుంది, గోడకు ఆనించండి.

మిర్యాలగూడ_గృహిణి:
మరి శీతలి ప్రాణాయామం?

నల్గొండ_యోగా_టీచర్:
నాలుక గొట్టం లెక్క చుట్టి నాలుగు లెక్కపెట్టేదాంక గాలి పీల్చి, నోరు మూసి, ముక్కుతోని ఆరు లెక్కపెట్టేదాంక ఇడువాలె. ఎనిమిది సార్లు. ఆవిరిని ఆపుతదని నేను చెప్పను, గాబరా తగ్గొచ్చు. పండ్లు జివ్వుమనేటోళ్లు ఇడిసిపెట్టొచ్చు.

మునుగోడు_నర్సు:
ఏడాది ముట్లు ఆగి, మళ్ల నెత్తురు కనపడ్డదంటే అది ఒక్క చుక్కైనా సరే, చాప సుట్టి పక్కకు పెట్టి ఆడ డాక్టర్ దగ్గరికి పోవాలె.