ఉగ్రస్తంభం ఎక్కినవాళ్లు మీ అనుభవాలు చెప్పండి

బాటసారి_హైదరాబాద్:
అందరికీ నమస్కారం. నవంబర్ చివర్లో అహోబిలం వెళ్దామనుకుంటున్నాం. నేను, తమ్ముడు, అమ్మ. అమ్మకి 58 ఏళ్లు, రోజూ గంట నడుస్తుంది, మోకాళ్ల నొప్పులేం లేవు. అక్కడి నవనరసింహుల తొమ్మిది గుళ్లూ చూడాలని ఆమె కోరిక. నరసింహస్వామి చీల్చుకుని వచ్చిన స్తంభమని చెప్పుకునే రాతికొండ, ఉగ్రస్తంభం ఎక్కాలని మాది. ఒకరు సులువంటారు, ఒకరు ప్రాణాల మీదికొస్తుందంటారు. వెళ్లొచ్చినవాళ్లు ఉన్నదున్నట్టు చెప్పండి. అమ్మని ఎంతవరకు తీసుకెళ్లొచ్చు?

ఆళ్లగడ్డవాసి:
అన్నా, మాది ఆ పక్కనే. చిన్నప్పటి నుంచి ఏడెనిమిది సార్లు ఎక్కుంటా. ముందు దోవ సంగతి చెప్తా. దిగువ అహోబిలం నుంచి ఎగువ అహోబిలానికి 8 కిలోమీటర్లు, అంతవరకు బండి పోతుంది. అసలు నడక ఎగువ గుడి దగ్గర మొదలు. భవనాశి వంక పట్టుకుని పోతే వరాహ నరసింహుడు, ఇంకా పైకి పోతే మాలోల, జ్వాల. జ్వాల దాకా సుమారు 4 కిలోమీటర్లు. వంకలో గుండ్రాళ్ల మీద నడక, తర్వాత మెట్లే మెట్లు. నిదానంగా పోతే అమ్మగారు జ్వాల దాకా వస్తారు, కష్టమనిపిస్తే డోలీ మాట్లాడుకోవచ్చు. స్తంభం దారి జ్వాల దగ్గర్లోనే చీలుతుంది. ఆ పైన ఆమెను తీసుకుపోవద్దు.

తెల్లారేసరికి ఎగువ గుడి దగ్గర ఉండండి. ఎండాకాలం మాత్రం ఎవరు పిలిచినా రావద్దు. మధ్యాహ్నానికి ఆ రాళ్లు పెనంలా కాలుతుంటాయి.

కొండగాలి:
నవంబర్ అన్నారు కాబట్టి నా సంగతి చెప్పాలి. మేం వెళ్లింది ఆగస్టులో, నలుగురం. పొద్దున వంక దాటినప్పుడు నీళ్లు మడమ లోతు. జ్వాల చూసుకుని దిగుతుంటే పైన ఎక్కడో ఉరిమింది. మా మీద చినుకు కూడా పడలేదు. వంక దగ్గరికొచ్చాక మా వాడు దిగబోతే, వెంట వచ్చిన చెంచు పెద్దాయన చొక్కా పట్టుకుని వెనక్కి లాగాడు. "ఆకులు చూడు" అన్నాడు. చూస్తే నీటి మీద ఎండుటాకులు, సన్నటి పుల్లలు గుంపుగా కొట్టుకొస్తున్నాయి. అప్పటికి నీళ్లు పెరగలేదు, రంగు మాత్రం పలచటి టీలా మారింది. పది నిమిషాలైందో లేదో, మేం పొద్దున కూర్చుని ఇడ్లీలు తిన్న బండ మునిగిపోయింది.

రెండున్నర గంటలు ఒడ్డునే కూర్చున్నాం. చుట్టూ నిటారు రాతికొండలు, పైన పడ్డ వాన ఇంకడానికి మన్ను లేదు, పడిందంతా వంకలోకే వస్తుంది. కింద ఆకాశం చూసి ధైర్యం చేయకండి. నవంబర్‌లో తుపాన్లుంటాయి కదా, ముందు రెండు మూడు రోజులు వాన పడిందేమో కనుక్కుని బయల్దేరండి.

బెంగళూరు_తెలుగమ్మాయి:
చివరి భాగం గురించి నేను చెప్తాను. మెట్లు అయిపోయాక అడవిలో నిట్టనిలువు ఎక్కుడు. వేళ్లు, కొమ్మలు పట్టుకుని వెళ్లాలి. ఆ తర్వాత చెట్లు తగ్గిపోయి మొత్తం రాయే. పలకలు పలకలుగా చీలిన రాయి, అంచులు పదును. గట్టిగా కనిపించిన పలక ఒకటి పట్టుకుంటే సొరుగులా బయటికొచ్చేసింది. అప్పటి నుంచి పట్టుకునే ముందు ప్రతి రాయీ కదిపి చూశాను.

కొన మీద చోటు చాలా తక్కువ, గాలి ఎక్కువ. జెండా దగ్గర మొక్కుకుని వెంటనే తర్వాతి వాళ్లకి చోటివ్వాలి. సెల్ఫీ కోసం అంచుకి వెళ్లేవాళ్లను చూస్తే నాకు కాళ్లు వణికాయి. దయచేసి వెళ్లకండి. దిగేటప్పుడు కూర్చుని, జరుగుతూ దిగాను. ఎక్కడానికంటే దిగడానికే ఎక్కువ సేపు పట్టింది.

రాయలసీమ_రవ్వ:
మనిషికి 3 లీటర్ల నీళ్లు, ఓఆర్ఎస్, కర్ర. కర్రలు ఎగువ గుడి దగ్గర దొరుకుతాయి. చేతిలో కవర్ పట్టుకోవద్దు, కోతులు లాగేస్తాయి. ఖాళీ సీసాలు తిరిగి తెచ్చుకోండి. వంకలో ప్లాస్టిక్ చూస్తే కడుపు రగిలిపోతుంది.

కొత్తబాట:
గైడ్ తప్పనిసరా? జనం ఉంటారు కదా, వాళ్ల వెనకే పోవచ్చుగా?

ఆళ్లగడ్డవాసి:
జ్వాల దాకా జనం ఉంటారు బ్రదర్, స్వాతి నక్షత్రం రోజైతే ఇంకా ఎక్కువ. స్తంభం దారిలో మామూలు రోజుల్లో ఎవరూ కనిపించకపోవచ్చు. ఫోన్ పలకదు. చిరుత, ఎలుగు తిరిగే నల్లమల అది. చెంచులకి ఆ కొండ ఇల్లు. చెంచులక్ష్మిని పెళ్లాడాడని స్వామిని అల్లుడిగా చూసుకుంటారు. సంక్రాంతికి పారువేట మొదలైతే స్వామే పల్లకిలో ఊరూరా తిరిగి తన పెళ్లికి రమ్మని పిలుస్తాడు. వాళ్లలో ఒకర్ని వెంట తీసుకుపోండి, డబ్బు దగ్గర బేరం ఆడొద్దు.

బాటసారి_హైదరాబాద్:
నిన్న తిరిగొచ్చాం. అందరికీ చాలా థ్యాంక్స్. అమ్మ డోలీ వద్దంది, పదిహేను చోట్ల ఆగి ఆగి జ్వాల దాకా నడిచింది. గుహ ముందు పైనుంచి సన్నగా నీళ్లు జారుతున్నాయి, గాలికి తుంపర మొహాన కొడుతుంటే కొంగు కప్పుకుని అలాగే నిలబడిపోయింది. నేను, తమ్ముడు గైడ్‌తో పైకి వెళ్లాం. రాయి మొదలయ్యే చోట నాకు తల తిరిగినట్టయింది. గైడ్ మొహం చూసి "చాలు సార్" అన్నాడు, నేను అక్కడే కూర్చున్నాను. తమ్ముడు కొన దాకా వెళ్లి జెండా తాకి వచ్చాడు. వాడు దిగేదాకా ఆ ఇరవై నిమిషాలు టెన్షన్‌తో చచ్చిపోయాను. ఎగువ గుడికి చేరేసరికి నాలుగు దాటింది.

పావన నరసింహుడు మిగిలిపోయాడు, అమ్మ అప్పుడే మళ్లీ ఎప్పుడని అడుగుతోంది. జీపు మేలా, నడక మేలా?

రాయలసీమ_రవ్వ:
జీపులో కుదుపులకి నడుము పట్టేస్తుంది. అమ్మగారు జ్వాల దాకా నడిచారంటే పావనకీ నడుస్తారు. ఎగువ నుంచి ఆరేడు కిలోమీటర్లు, అంతా అడవి. జనవరిలో రండి.