మెట్రోనోమ్ పెట్టగానే తడబడే గిటార్ విద్యార్థులతో ఎలా?

ప్రశ్న:
గిటార్ నేర్పడం మొదలుపెట్టి రెండేళ్లయింది. విడిగా వాయిస్తే బాగానే ఉండే పిల్లలు మెట్రోనోమ్ (సమాన వ్యవధిలో క్లిక్‌మంటూ లయ చూపే పరికరం) పెట్టగానే తడబడుతున్నారు. జి నుంచి సి కార్డ్‌కి (కార్డ్ అంటే కలిపి మోగించే స్వరాల గుంపు) మారేటప్పుడు కాస్త ఆగడం, ఆ తర్వాత క్లిక్‌ని అందుకోడానికి పరుగెత్తడం. పోనీ అని నిమిషానికి 60 క్లిక్‌లకి తగ్గిస్తే 90 దగ్గర కంటే ఎక్కువ తప్పుతున్నారు, ఇదేం విడ్డూరమో! ఒకమ్మాయి అయితే "సార్, అది నన్ను తిడుతున్నట్టుంది, ఆపేయండి" అంది. మీరంతా ఎలా అలవాటు చేస్తున్నారు?

జవాబు 1:
విడ్డూరం ఏం లేదండి. 60 అంటే క్లిక్‌కీ క్లిక్‌కీ మధ్య ఒక సెకను ఖాళీ, 120 అయితే అర సెకను. ఖాళీ పెరిగేకొద్దీ దాన్ని లోపల లెక్కపెట్టుకోవడం రానివాళ్లు తొందరపడి ముందే వేసేస్తారు. నెమ్మదిగా వాయించడం వేళ్లకి తేలిక, లయకి కాదు. మెట్రోనోమ్‌ని 120కి పెట్టి, ఒక క్లిక్ బీట్‌కి, తర్వాతిది మధ్యలో వచ్చే "అండ్"కి అనుకోమనండి. "వన్ అండ్ టూ అండ్" అని పైకి అనాలి, మనసులో అంటే లెక్క కాదు. వాయించే వేగం 60యే, ఖాళీ మాత్రం సగమైంది. అది కుదిరాక 60కి రండి.

ఇక కార్డ్ దగ్గర ఆగడం. ఇబ్బంది ఎడమ చేతిది, ఆగిపోయేది మాత్రం కుడి చేయి. అందుకే ముందు కార్డే వద్దు, తీగలన్నీ ఎడమ చేత్తో ఊరికే తాకి మూసేసి, కిందికి కొట్టే స్ట్రోక్ బీట్ మీద, పైకి కొట్టే స్ట్రోక్ "అండ్" మీద టకటకా పడేలా కొన్ని నిమిషాలు కొట్టించండి. తర్వాత కార్డ్‌లు పెట్టించండి, వేళ్లు సమయానికి చేరకపోయినా కుడి చేయి ఊగుతూనే ఉండాలి. కార్డ్ మారేముందు పైకి కొట్టే ఆఖరి స్ట్రోక్, వేళ్లు నొక్కని ఖాళీ తీగల మీద పడితే పడనీయండి, బాగా వాయించేవాళ్లు కూడా అలా వదిలేస్తుంటారు.

జవాబు 2:
పైవారితో సగమే ఒప్పుకుంటాను. అసలు గిటార్ చేతిలో ఉండగా మెట్రోనోమ్ పరిచయం చేయడమే పొరపాటు, ముందు చప్పట్లతో కుదరాలి. ఇంకోటి, పాదం గమనించండి. చాలామందికి పాదం క్లిక్‌తో కాదు, చేత్తో కలిసి ఆడుతుంది. చేయి ఆగితే అదీ ఆగుతుంది. నా దగ్గర మూడొంతుల రోగం అక్కడే బయటపడుతుంది.

జవాబు 3:
బ్లూటూత్ ఇయర్‌ఫోన్స్‌లో క్లిక్ వింటున్నారేమో చూడండి. శబ్దం ఆలస్యంగా వస్తుంది. ఫోన్ తెర మీద మెరిసే చుక్క ఒకచోట, చెవిలో టిక్ ఇంకోచోట. ఈ సంగతి తెలియక నేను ఒకబ్బాయిని నెలరోజులు సతాయించాను పాపం.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరు బ్లూటూతే వాడుతున్నారు, మాన్పించాను. పాదం మాటా నిజమే, నాక్కూడా అదే అలవాటుందని ఇప్పుడు తెలిసి సిగ్గేసింది. జి నుంచి సి ఇంకా పూర్తిగా దారికి రాలేదు. కానీ తిడుతోందన్న ఆ అమ్మాయితో తీగలు మూసి 120 మీద కొట్టిస్తుంటే మధ్యలో ఆపి, "సార్, క్లిక్ వినపడట్లేదు, ఆగిపోయిందా?" అంది. ఆగలేదు, తన స్ట్రోక్ సరిగ్గా దాని మీదే పడుతోంది.